రూపారాధనము – నడివయస్సు దాటుచున్న స్త్రీలను గూర్చి కొన్ని మాటలు

రాజా రామమోహనరాయలవారు 1828వ సంవత్సరమున కలకత్తాలో బ్రహ్మసభను స్థాపించినది మొదలు మన సమాజము చెప్పుచు వచ్చిన మాట యొక్కటి కలదు. నిరాకారుడగు పరమేశ్వరునకు రూపమును కల్పించి దానిముందు సాగిలపడుట తగదు. ఈ మాటను మనము నమ్మితిమి, ఇతరులకు బోధించితిమి, ఇందునిమిత్తము బంధువులతో వైరము తెచ్చుకొన్నవారును మనలో కలరు. కాని పూజాపీఠముమీదనుండి తొలగించిన రూపమును మనలో పెక్కుమంది పెండ్లిచూపుల చాపమీద మరల ప్రతిష్ఠించుకొన్నారు. కన్యక మేనిచాయ యెట్టిది, ముక్కు తీరెట్టిది, జడ యెంత పొడవు అని విచారించుటలో విగ్రహారాధకులకును మనకును భేద మేమియు కానరాదు. పూర్వము పిల్లను నిలువుమనియు, నడువుమనియు, పాడుమనియు అడుగుచుండిరి. నేడు ఫోటోలు తెప్పించుకొని యింటిల్లిపాదియు చుట్టుచేరి చూచుచున్నారు.

ఇరువదియేండ్ల ప్రాయమున ఇట్లు రూపమునుబట్టి వెలకట్టబడిన కన్యకయే నలువదియైదేండ్లకు, ఏబదియేండ్లకు వచ్చి, ఆ రూపము తన్ను విడిచిపోవుచుండగా చూచునప్పుడు ఆమె మనస్సున నేమి జరుగును? ఆ దుఃఖము వ్యర్థాభిమానమా? లేక న్యాయమైన ఫిర్యాదా? ఇది చిన్న విషయమని పురుషులు త్రోసివేయుదురు. స్త్రీలు సిగ్గుచేత బహిరంగముగా మాటలాడరు. ఇరువురును విడిచిన విషయము గనుకనే దీనిని విచారింప బూనితిమి.

మన హైదరాబాదు నగరమున నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు అను వాడలలో తెలుగు మధ్యతరగతి గృహస్థులు తరతరములుగా కాపురమున్నారు. ఈ యిండ్లలోని గృహిణులు మధ్యాహ్నవేళ తమలో తాము చెప్పుకొను మాటలను వినినచో నొక విశేషము తెలియును. వారు ముఖమును గూర్చి చెప్పుటకు ముందు వస్తువులను గూర్చి చెప్పుదురు. పెండ్లినాటి పట్టురవిక కుట్లు రెండుమాఱులు విప్పించినను చేయి దూఱదు. గాజులవానికి ఇన్నాళ్లును చెప్పిన కొలతయే చెప్పగా, ఆ గాజు పిడికిలి దాటదు. వ్రేలి యుంగరము సబ్బునురుగు లేనిదే ఊడిరాదు. ముప్పదియేండ్లు బుట్టల బరువును మోసిన చెవితమ్మె సాగి, రంధ్రము చీలికవలె పొడవై, దిద్దు నిలువక క్రిందికి వ్రేలాడును. జడ సన్నబడి, సవరము చేర్చనిదే పెండ్లికి పోవుటకు మనసొప్పదు. ఏండ్ల తరబడి బొట్టుబిళ్ల యంటించినచోట కొందఱికి చర్మము వెలవెలబోయి తెల్లని మచ్చ నిలుచును. బొట్టు తీసినను బొట్టు గుఱుతు పోదు. ఇవి యన్నియు నవ్వుచునే చెప్పుకొందురు. ఆ నవ్వు ముగిసినపిదప ఎవరో యొకరు, “మొన్న అద్దములో చూచుకొన్నాను, నాకు మా అమ్మ కనబడినది” అని యందురు. అప్పుడు మాత్రము ఎవరును నవ్వరు. ఈ మాటను వేఱువేఱు స్త్రీలు, ఒకరినొకరు ఎఱుగనివారు, ఒక్కతీరుననే చెప్పుట మేము వినియున్నాము. తల్లిని కోల్పోయినవారికి అది కొంత యోదార్పుగా కూడ నుండును. తల్లితో పడనివారికి అది వేఱొక బాధ.

రూపము మాఱుచున్నదని అద్దము చెప్పుటకు ముందే లోకము చెప్పును. కూరగాయల బండివాడు “అక్కా” యనుట మాని “అమ్మా” యనును. దుకాణములోని కుఱ్ఱవాడు “ఆంటీ” యని పిలుచును; కొన్నియేండ్లకు వాని తమ్ముడు “మామ్మగారూ” యని పిలుచును. బస్సులో ఎవరో లేచి చోటిత్తురు. ఆ చోటు మన్నననుబట్టి వచ్చినదే, మోకాళ్లకు సుఖమైనదే. ఐనను మొదటిసారి ఆ చోట కూర్చున్న స్త్రీకి అది తీర్పు చదివి వినిపించినట్లుండును. ఈ వాడలలోని తల్లిదండ్రులలో పెక్కుమంది బిడ్డలు అమెరికాయందున్నారు గదా. తెల్లవాఱుజామున వీడియోలో మనుమలను చూచుటకు ఫోను పట్టుకొనిన తల్లికి తెరమీద ఒకమూల తన ముఖము కూడ కనబడుచుండును. పూర్వపు స్త్రీ మాటలాడునప్పుడు తన ముఖమును తాను చూచుకొనవలసిన యగత్యము లేదు. నేటి యామె మనుమరాలి ముద్దుమాటలు వినుచునే, గడ్డము క్రింద వ్రేలాడు చర్మమును చూచి, ఫోనును కొంచెము పైకెత్తి పట్టుకొనును.

ఇంతకును ఆమె కోల్పోయినదేమి? సౌందర్యమే యని చెప్పినచో తొందరపాటగును. ఎన్నడును సుందరియని పేరొందని స్త్రీ కూడ ఈ వయస్సున ఇట్లే బాధపడుచున్నది. కాబట్టి పోవుచున్నది సౌందర్యము కాదు, లెక్క. ఆమె గదిలోనికి వచ్చినపుడు ఎవరో వచ్చిరని పదిమందికి తెలియుట యను ఆ కొద్ది గణన. చదువు, పని, ధనము, మాట, వీనిలో దేనిచేతనైనను గణింపబడువాడు పురుషుడు. స్త్రీకి అన్నిటికంటె ముందు చూపు చేతనే గణన కలుగునట్లు ఏర్పఱచినవారము మనము. ఆ యొక్క నాణెమునే ఆమె చేతికిచ్చి, అది చెల్లనినాడు, “నాణెముమీద ఇంత మమకార మేల?” యని ఆమెనే మందలించుచున్నాము.

ఇచ్చట వేదాంతులు అడ్డుతగులుదురు. దేహ మశాశ్వతము, ఆత్మ నిత్యము. ముడుతలకు ఏడ్చుట అజ్ఞానము అందురు. ఈ మాటలు సత్యములే. ఐతే వీనిని ఎవరు ఎవరికి చెప్పుచున్నారో విచారింపవలెను. మన ప్రబంధకవులు నాయికను ఆపాదమస్తకము వర్ణించిరి. ఆ నాయికకు ఎన్నడును వయస్సు మీఱదు. వైరాగ్యశతకకారులు ఆ దేహమునే ఎముకలు మాంసములుగా విడదీసి అసహ్యించుకొనిరి. ఒకరు శృంగారులు, ఒకరు విరాగులు. ఇద్దఱికిని స్త్రీ అవయవముల మొత్తమే. ఆ మొత్తమును మ్రొక్కుట యెట్టి దోషమో రోయుట అట్టి దోషమే. పురుషుని నెరపు విషయమున మన వాఙ్మయము ఎంత మర్యాద చూపినదో గమనింపుడు. కాళిదాసు రఘువంశమున, దశరథుని చెవిచెంత నెరసిన వెండ్రుక రహస్యముగా ఉపదేశమిచ్చినట్లును, రామునకు రాజ్యమిమ్మని చెప్పినట్లును కల్పించెను. రాజు నెరపునకు మంత్రి పదవి లభించినది. రాణుల నెరపు ఏమి చెప్పెనో కవి వినలేదు.

స్త్రీయే తన దేహమును చూచి తానే పలికిన సందర్భములు ప్రాచీనవాఙ్మయమున కొద్ది. బౌద్ధుల థేరీగాథలలో వైశాలి గణికయగు అంబపాలి భిక్షుణియైన పిదప పలికినవిగా కొన్ని గాథలు కలవు. కురులు, కనుబొమలు, కన్నులు, ముక్కు, పండ్లు, కంఠము అని క్రమముగా తన అవయవములను పేర్కొని, అవి పూర్వ మెట్లుండెనో, నేడెట్లున్నవో ఆమె చెప్పినది. పురుషుడు చెప్పినచో అది జుగుప్స యగును; ఆమె నోట అది సాక్ష్యముగా నున్నది. తన యందమును ఆమె దాచలేదు, నిందింపలేదు. ఉన్నదని యొప్పుకొనియే పోయినదని చెప్పినది. అనిత్యతను బోధించు అధికారము అట్టివారికి కలదు. భార్యముందు వైరాగ్యము పలికి, కోడలిని వెదకునప్పుడు చాయను విచారించు గృహస్థునకు ఆ యధికారము లేదు.

తెలుగున ఇట్టి గ్రంథ మొకటి కలదు. దాని విషయమున మన సంస్కర్తలు నడచిన తీరును దాచక చెప్పవలెను. తంజావూరు నేలిన ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమున నుండిన ముద్దుపళని “రాధికాసాంత్వనము” రచించినది. అందు రాధ కృష్ణునకు చిన్ననాటినుండి ప్రియురాలు, వయస్సున పెద్దది. తాను పెంచిన ఇళాదేవిని తానే యలంకరించి కృష్ణునకిచ్చి పెండ్లిచేసి, ఆ పిదప తన చోటున ఆ పడుచు నిలుచుటకు ఓర్వలేక తపించును. కృష్ణుడు వచ్చి ఆమెను సాంత్వనపఱచుటయే కథ. వీరేశలింగము పంతులవారు ఈ గ్రంథమును అసభ్యమని తీవ్రముగా నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని పరిష్కరించి ప్రకటింపగా, 1911లో దొరతనమువారు నిషేధించిరి. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. అందలి శృంగారమునకు మేము వకాల్తా పుచ్చుకొనుట లేదు. ఆనాడు వేశ్యావ్యవస్థను రూపుమాపుటకై పోరాడుచున్న పంతులవారికి ఆ గ్రంథమున పోరాడవలసిన శత్రువే కనబడుట ఆశ్చర్యము కాదు. కాని పడుచుదనము దాటిన స్త్రీ, చిన్నదాని ప్రక్కన నిలిచి తన్ను తాను చూచుకొనునప్పటి నొప్పిని ఒక స్త్రీ తెలుగున వ్రాసియుండగా, శృంగారముపై కోపమున ఆ నొప్పిని కూడ మన పెద్దలు పరిశీలనకు తీసికొనకపోయిరి. అసభ్యత సంగతి తేలినది. వయస్సు సంగతి అట్లే నిలిచిపోయినది.

పంతులవారే మఱియొకచోట ఈ సంగతిని అందఱికంటె లోతుగా గ్రహించిరి. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున బాలవితంతువగు గౌరమ్మకు గోగులపాటి శ్రీరాములుతో ఆయన జరిపించిన వివాహమును మన మందఱము ఎఱుగుదుము. అది పునర్వివాహహక్కు నిలిపిన దినమని చెప్పుట పరిపాటి. మాకు దానియందు వేఱొక యర్థము కూడ కనబడుచున్నది. ఆనాటి ఆచారము కొన్ని కులములలో పండ్రెండేండ్ల పిల్లను ఒక్క దినమున ముసలిదానినిగా చేయుచుండెను. తల గొఱిగించి, గాజులు పగులగొట్టి, బొట్టు చెఱిపి, రంగుచీర లాగివైచి, ముదుసలి రూపమును బలవంతముగా ఆమెమీద రుద్దుచుండెను. వార్ధకమును ప్రకృతి యియ్యకమునుపే సంఘము ఇచ్చినది. ఏలయనగా, ఆమె రూపము ఆమె సొత్తు కాదు, భర్త సొత్తు. భర్త పోగా దానిని జప్తు చేసిరి. నేడు ఆ జప్తు ఒక్క దినమున జరుగుట తగ్గినది గాని, ఆ సిద్ధాంతము పోలేదు. మగనాలు ఏబదియేండ్లకు గులాబిరంగు చీర కట్టినచో “ఈ వయస్సున నేల?” యని వదినగారు మెల్లగా ననును. వితంతువు కట్టినచో ఎవరును ఏమియు ననరు, చూచి ఊరకుందురు. ఆ యూరకుండుటయే ఎక్కువ బాధాకరమని అట్టి చీరలను బీరువాలో దాచినవారు చెప్పుదురు.

రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు యౌవనముననే భార్యను పోగొట్టుకొని, మరల వివాహ మాడక, జీవితమంతయు తెల్లని వస్త్రములనే ధరించిరి. లోకము ఆయనను శ్వేతాంబర ఋషి యని కొనియాడెను. ఆయన పావిత్ర్యమునకు మేమును నమస్కరింతుము. ఆ తెలుపును ఆయన యెన్నుకొనిరి. పొరుగింటి వితంతువునకు అది శిక్షగా వచ్చినది. నిరాడంబరతను గూర్చి స్త్రీలకు ఉపన్యాసము లిచ్చు సోదరులు ఈ భేదమును మఱవకుందురు గాక.

ఇక దేహధర్మమును గూర్చి కొంత చెప్పవలెను. ఏలయనగా తెలియనితనము దుఃఖమును రెట్టింపు చేయును. మన దేశమున స్త్రీలకు ఋతుస్రావము నిలుచు వయస్సు సగటున నలువదియాఱు, నలువదియేడు ఏండ్లు. పశ్చిమదేశములలో సుమారు ఏబదియొకటి. ఆ సమయమున ఈస్ట్రోజెను తగ్గుటచేత చర్మమునకు బిగువునిచ్చు కొల్లాజెను త్వరగా క్షీణించును. ముఖము జాఱుట, కొవ్వు నడుమునకు చేరుట, జుట్టు పలుచబడుట, నిద్ర చెడుట, ఒడలు ఉన్నట్టుండి ఆవిరులెత్తుట యొకదానివెంట నొకటి వచ్చును. “సరిగా తినకపోతివి, నూనె వ్రాయకపోతివి” అని ఆమె నిర్లక్ష్యమును నిందించువారు ఈ సంగతి నెఱుగరు. ఇది ఆమె తప్పు కాదు.

మన తెలుగుదేశమున మఱియొక అపచారము కూడ జరుగుచున్నది. 2015–16 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశమున 8.9 మంది, తెలంగాణమున 7.7 మంది. ముప్పది యేండ్లు నిండి నిండకమునుపే “పిల్లలు పుట్టిరి గదా, ఇక దానితో పని యేమి?” యని ఆపరేషనునకు ఒప్పించుట మన గ్రామములలో వింత కాదు. అండాశయములను కూడ తీసివేసినచో వాని పని ఒక్క దినమున నిలిచి, శరీరము ఆకస్మికముగా వార్ధకమునకు లోనగును. తీయకున్నను కొందఱిలో ఆ పని ముందే నిలుచును. అవసరమై చేసిన శస్త్రచికిత్సను మేము నిందింపము. కాని “దానితో పని యేమి?” యను ప్రశ్నలో పూర్వము క్షురకుని పిలిపించిన మనస్తత్త్వమే మాకు వినవచ్చుచున్నది. స్త్రీదేహము ఒక ప్రయోజనమునకై యున్నది, ఆ ప్రయోజనము తీరినంతనే దానికి విలువ లేదు అను నమ్మకమది. ఈ స్త్రీలు ముప్పదియైదేండ్లకే అక్కచెల్లెండ్రకంటె పెద్దగా కనబడుచు, కారణ మెవరును చెప్పనందున, తమ జాతకమును తిట్టుకొనుచుందురు.

జుట్టునకు రంగు వేసికొనుట పాపమా యని మమ్ము కొందఱడిగిరి. పాపము కాదు. రంగులలో చేర్చు పారాఫినైలిన్ డయామిను కొందఱి చర్మమునకు పడదు, కడుపులోనికి పోయినచో ప్రాణాంతకము. అది వైద్యుని మాట, నీతివేత్త మాట కాదు. ఉద్యోగము చేయు స్త్రీ నెరసిన జుట్టుతో పోయిన దినమున “ఒంట్లో బాగులేదా?” యని నలుగురు అడుగుదురట, ప్రక్క బల్లవద్ద నెరసిన మీసముల యుద్యోగి అనుభవశాలిగా గౌరవింపబడుచుండును. ఆ కార్యాలయమును సరిచేయక ఆమె రంగుసీసాను సరిచేయబూనుట మాకు న్యాయముగా తోచదు. తెల్లబఱచుటకును ముడుతలు పోగొట్టుటకును అమ్ముడుపోవు లేపనముల వర్తకమును గూర్చి మాత్రము ఇంత సహనము మాకు లేదు. భయమును ముందుగా అమ్మి, మందును తరువాత అమ్ము వ్యాపారమది. ఆర్టీసీ చౌరస్తాలోని సినిమా బొమ్మలను చూడుడు. అఱువదియేండ్ల నాయకుని ప్రక్కన ఇరువదియైదేండ్ల నాయిక నిలుచుట మనకు ఎబ్బెట్టుగా తోచుటయే మానినది. ఆ నాయకునితో నలువదియేండ్ల క్రిందట ఆడిపాడిన నటి ఇప్పుడు తల్లివేషము వేయుచున్నది.

దుఃఖమునే చెప్పినచో సత్యము సగమే యగును. ఈ మార్పును విడుదలగా ననుభవించు స్త్రీలును కలరు. వీధిలో వెంటాడు చూపులు నిలిచిపోయినవని, ఇప్పుడు నిశ్చింతగా నడువగలుగుచున్నామని, పురుషులతో వాదించిన తప్పుపట్టువారు లేరని సంతోషముతో చెప్పుదురు. నారాయణగూడలో 1928లో వెలసి, మాడపాటి హనుమంతరావు పంతులుగారి పేర నడచుచున్న తెలుగు బాలికల పాఠశాల మొదలైన వానిలో చదువుకొన్న కుటుంబములలో ఈ ధైర్య మెక్కువగా కనబడునని మా యనుభవము. చదువు ముఖమును కాపాడదు. ముఖము తప్ప వేఱొకటి కూడ తనకు కలదను స్మృతిని కాపాడును. సాయంకాలమున త్యాగరాయ గానసభలో ముందు వరుసలను ఆక్రమించుకొని తాళము తప్పిన గాయకుని నిర్దయగా విమర్శించు వృద్ధవనితలను చూచినచో, వారిని జాలిపడవలసిన వారని యెవరును భావింపరు. ఐతే వారిలోనే కొందఱు విరామ సమయమున ఎవరైన ఫోటో తీయబోయినచో వెనుక వరుసకు తొలగుదురు. ఇంటి ఆల్బములలో ఇరువదియేండ్లుగా ఫోటో లేని తల్లులు ఎందఱో! వారు పోయిన పిదప బిడ్డలు వెదకుదురు. పెండ్లినాటి చిత్రము దొరకును గాని, తమ్ము పెంచిన ముఖము దొరకదు.

ఇంట వయస్సునకు గౌరవము లేదా, పెద్దముత్తైదువకు తొలి తాంబూల మిచ్చుట లేదా యని ప్రశ్నింపవచ్చును. ఇత్తుము. ఐతే ఆ గౌరవము వయస్సునకా, మగని యాయుస్సునకా? ఇద్దఱు తోడికోడండ్రు ఒకే సంవత్సరమున పుట్టి, ఒకే యింట నలువది యేండ్లు వంట చేసి, బిడ్డలను పెంచిరి. ఒకామె మగడు బ్రతికియున్నాడు. పేరంటమునాడు ఆమె నుదుట కుంకుమ దిద్ది, కాళ్లకు పసుపు రాచి, ముడుతలుపడిన ఆ పాదములకు నమస్కరింతురు. అవే ముడుతలుగల రెండవ యామె వంటయింట నుండి శనగలు పళ్లెములకు సర్దుచుండును. ముడుతలకు మర్యాద యిచ్చువార మైనచో ఇరువురకును ఈయవలసియున్నది. సంస్కారము గల మన కుటుంబములలో కూడ, ఎవరును నిషేధింపకయే, ఆమె తానై వంటయింటిలోనికి తొలగుట నేటికిని జరుగుచున్నది. “ఆమెయే రానన్నది” అని మనము తేలికగా చెప్పుదుము.

కావున సోదరులారా, కుమారునకు సంబంధము వెదకునప్పుడు చాయను గూర్చి ప్రశ్న వేయకుడు. పదునాఱేండ్ల మనుమరాలి ముందు ఆమె నలుపును గూర్చి గాని, ఆమె నాయనమ్మ నెరపును గూర్చి గాని హాస్యమాడకుడు. భార్యకు నిద్రపట్టని రాత్రులను గూర్చి వైద్యుని అడుగుటకు ఆమెతోపాటు మీరును పొండు. సోదరీమణులారా, రాబోవు శ్రావణమాసమున పేరంటమునకు ఇరుగుపొరుగులను పిలువబోవునప్పుడు, మగనాలిని మాత్రమే పిలిచి తిరిగి రాక, ఆ యింటి లోపలిగదిలో నున్న పెద్దామెను కూడ పేరుపెట్టి పిలువుడు. వచ్చునో రాదో ఆమెయే నిర్ణయించుకొనును.